ఒక్క పిలుపుకి ఇరవై జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే చోటికి వస్తున్నాయి: ఫోన్‌లో వైఫై పేర్ల జాబితా ఆలస్యంగా రావడం.

ప్రశ్న: పెద్ద సమావేశ మందిరంలో 12 యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) పెట్టి, 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్లకి పంచాం. ఒక్కోదానిలో 5 నెట్‌వర్క్ పేర్లు నడుస్తున్నాయి. మందిరం ఖాళీగా ఉంటే బాగానే ఉంది. జనం నిండగానే జాబితా రావడానికి చాలాసేపు పడుతోంది, ఒక్కోసారి మా పేరే కనిపించదు. సిగ్నల్ నిండుగా ఉంది. యాక్సెస్ పాయింట్లు ఇంకా పెంచాలా?

పెంచకండి. పెంచితే ఇంకా పాడవుతుంది.

ఫోను ఒక్కో చానెల్‌లోకి వెళ్లి “ఇక్కడ ఎవరున్నారు?” అని అందరినీ ఉద్దేశించి అడుగుతుంది. దీన్నే ప్రోబ్ రిక్వెస్ట్ అంటారు. విన్న ప్రతి యాక్సెస్ పాయింటూ తన దగ్గరున్న ప్రతి పేరుకీ విడివిడిగా ప్రోబ్ రెస్పాన్స్ పంపుతుంది. మీ దగ్గర ఒక్కో చానెల్‌లో 4 యాక్సెస్ పాయింట్లు, 5 పేర్లు. అంటే ఒక్క పిలుపుకి 20 జవాబులు.

ఒక జవాబు సుమారు 300 బైట్లు ఉంటుందనుకుందాం. 1 ఎంబీపీఎస్‌లో పంపితే 2.4 మిల్లీసెకండ్లు, ముందుమాటలా వెళ్లే ప్రియాంబుల్‌కి 0.19, ఫోను తిరిగి పంపే రసీదుకి 0.3, మధ్యలో ఖాళీలు. మొత్తం 3 మిల్లీసెకండ్లు. ఇరవై కలిస్తే 60. ఫోను ఒక చానెల్‌లో ఆగేది చాలాసార్లు కొన్ని పదుల మిల్లీసెకండ్లే. వెనక వరుసలో ఉన్న జవాబు గాల్లోకి వచ్చేసరికి ఫోను పక్క చానెల్‌కి వెళ్లిపోతుంది.

అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. ప్రోబ్ రెస్పాన్స్ అడిగినవాళ్ల చిరునామాకే వెళ్లే ఫ్రేమ్, అంటే గాల్లో వెళ్లే ఒక్కో సందేశపు పొట్లం. రసీదు రాకపోతే యాక్సెస్ పాయింట్ మళ్లీ పంపుతుంది, సాధారణంగా 7 సార్ల దాకా. అక్కడ లేని ఫోను కోసం, అన్నిటికన్నా నెమ్మది వేగంలో. జనం నిండినప్పుడే ఇబ్బంది రావడానికి కారణం ఇదే: వందల ఫోన్లు అడుగుతుంటే చానెల్ ఈ వృథా జవాబులతోనే నిండిపోతుంది.

వరుసగా ఇవి చేయండి.

ముందు పేర్లు తగ్గించండి. ఐదు పేర్లు ఎందుకున్నాయో చూస్తే, తరచు ఒక్కో విభాగానికి ఒక్కోటి పెట్టారని తేలుతుంది. 802.1ఎక్స్ లాగిన్ (ఒక్కొక్కరికీ విడి గుర్తింపు) ఉంటే ఒకే పేరు మీద ఎవరిని ఏ వీల్యాన్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని ఏ విడి భాగంలో, వేయాలో లాగిన్లు తనిఖీ చేసే రేడియస్ సర్వర్ చూసుకుంటుంది. ఉద్యోగులకి ఒకటి, అతిథులకి ఒకటి చాలు.

తర్వాత సగం యాక్సెస్ పాయింట్లలో 2.4 రేడియో ఆపేయండి, 5 గిగాహెర్ట్జ్ అలాగే ఉంచండి. ఒకే మందిరంలో 2.4కి 12 రేడియోలు అక్కర్లేదు; ఒకదానిపై ఒకటి పడని చానెళ్లే మూడు.

ఆపైన 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ వేగాలు తీసేసి, కనీస వేగం 6 గానీ 12 గానీ చేయండి. హోస్ట్‌ఏపీడీ (లినక్స్‌లో యాక్సెస్ పాయింట్ నడిపే ప్రోగ్రామ్) వాడితే ‘బేసిక్_రేట్స్’ వరుసలో 60 120 240 అని రాయాలి. అక్కడ లెక్క 100 కేబీపీఎస్‌లలో ఉంటుంది. ‘సపోర్టెడ్_రేట్స్’ వరుసలోంచి కూడా పాత నాలుగూ తీయాలి, ఇది మర్చిపోతుంటారు. 6 ఎంబీపీఎస్‌లో అదే 300 బైట్ల జవాబు ఖాళీలూ రసీదూ కలుపుకొని 0.65 మిల్లీసెకండ్ల దగ్గర అయిపోతుంది. మూడూ చేస్తే ఒక చానెల్‌లో 2 యాక్సెస్ పాయింట్లు, 2 పేర్లు, 4 జవాబులు: 60 మిల్లీసెకండ్ల పని 3 లోపుకి వస్తుంది.

బీకన్ల (ఎవరూ అడగకపోయినా యాక్సెస్ పాయింట్ “నేనున్నాను” అని పంపే ప్రకటనల) భారం కూడా తగ్గుతుంది. ప్రతి పేరుకీ 102.4 మిల్లీసెకండ్లకోసారి ఒక బీకన్ వెళ్తుంది. 20 పేర్లకి 1 ఎంబీపీఎస్‌లో అది 50 మిల్లీసెకండ్లు దాటుతుంది. అంటే మందిరంలో ఒక్క మనిషి లేకపోయినా చానెల్‌లో సగం పోయినట్టే.

ఒక జాగ్రత్త: 802.11బి (తొలి రోజుల వైఫై రకం) మాత్రమే తెలిసిన పాత పరికరాలు, పాత బార్‌కోడ్ స్కానర్లలాంటివి, ఆ వేగాలు తీశాక కలవవు. ముందే జాబితా రాసుకోండి.

ప్రశ్న: పేరు దాచేస్తే జవాబులు తగ్గుతాయి కదా? అన్నీ దాచేద్దామనుకుంటున్నాను.

వద్దు. అందరినీ ఉద్దేశించిన పిలుపుకి దాచిన నెట్‌వర్క్ పలకదన్నది నిజమే. కానీ దాన్ని గుర్తుంచుకున్న ప్రతి ఫోనూ పేరు పెట్టి మరీ అడగాల్సి వస్తుంది, అదీ మీ దగ్గర ఉన్నప్పుడే కాదు, ఎక్కడికి వెళ్లినా. ఆ పేరు చుట్టుపక్కల అందరికీ వినిపిస్తుంది. బీకన్లు కూడా ఆగవు, పేరు గడి ఖాళీగా పెట్టుకుని వస్తూనే ఉంటాయి.

ప్రశ్న: దూరపు ఫోన్లకి జవాబు ఇవ్వకుండా హోస్ట్‌ఏపీడీలో ‘ఆర్‌ఎస్‌ఎస్‌ఐ_ఇగ్నోర్_ప్రోబ్_రిక్వెస్ట్’ విలువ -65 పెట్టాను. బాగా వేగం వచ్చింది, కానీ మూలల్లో ఉన్నవాళ్లు నెట్‌వర్క్ రాలేదంటున్నారు.

-65 మరీ కఠినం. (ఇది సిగ్నల్ బలం అంకె; సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ.) మీరు కొలిచి చూసింది ఫోన్‌లో కనిపించే సిగ్నల్ అయి ఉంటుంది. ఈ హద్దు చూసేది ఎదురు దిక్కు, అంటే ఫోను మాట యాక్సెస్ పాయింట్‌కి ఎంత బలంగా వినిపించిందన్నది. ఫోను ప్రసార శక్తి తరచు యాక్సెస్ పాయింట్ కన్నా తక్కువ. పైగా జేబులో ఉన్నా, చేత్తో గట్టిగా పట్టుకున్నా ఇంకొన్ని డెసిబెల్స్ పడిపోతుంది. ఫోన్‌లో -62 కనిపిస్తున్న చోటు నుంచే యాక్సెస్ పాయింట్‌కి -70 అందవచ్చు.

అన్నిటికన్నా దూరపు మూలలో బలహీనమైన పరికరం పెట్టి, యాక్సెస్ పాయింట్ వైపు అంకె చూడండి. దానికి ఇంకో 5 డెసిబెల్స్ కిందకి హద్దు పెట్టండి. ఈ సెట్టింగ్ -60 నుంచి -90 దాకా ఒప్పుకుంటుంది. -80 దగ్గర మొదలుపెట్టడం మేలు.

దీని పక్కనే ‘నో_ప్రోబ్_రెస్ప్_ఇఫ్_సీన్_ఆన్’ అని ఇంకోటి ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో కనిపించిన ఫోనుకి 2.4లో జవాబు ఆపడానికి అది. ఫోన్లు వెతికేటప్పుడు చిరునామా మార్చుకుంటూ ఉండటం వల్ల ఇది ఇప్పుడు నమ్మకంగా పనిచేయదు. కలవడంలో ఇబ్బందులు రావచ్చని దాని నమూనా ఫైల్‌లోనే రాసి ఉంది. వాడకపోవడమే మంచిదని మా సలహా.

ప్రశ్న: ఇన్నేళ్లుగా తెలిసిన సమస్యే కదా, ప్రమాణాల్లో మార్పు రాలేదా?

వచ్చింది. 2016లో వెలువడిన 802.11ఏఐ అనే వైఫై ప్రమాణం ఫోన్లు త్వరగా కలవడం కోసం; అందులో ఈ వెతుకులాట భారం తగ్గించే పద్ధతులూ ఉన్నాయి. ఫోను తన పిలుపులోనే షరతులు చెప్పొచ్చు: నా మాట ఇంత బలంగా విన్నవాళ్లే పలకండి, నేను ఇంతసేపే ఆగుతాను అని. యాక్సెస్ పాయింట్ నలుగురికి నాలుగు జవాబులు కాకుండా, అందరికీ కలిపి ఒక్క బ్రాడ్‌కాస్ట్ జవాబు ఇవ్వొచ్చు. దానికి రసీదు ఉండదు, కనుక మళ్లీ పంపడమూ ఉండదు. బీకన్ సమయం దగ్గరపడితే జవాబు మానేసి బీకన్‌తోనే సరిపెట్టొచ్చు. ఇందులో కొంత భాగాన్ని వైఫై పరికరాలని పరీక్షించే సంస్థ వైఫై అలయన్స్ ‘ఆప్టిమైజ్డ్ కనెక్టివిటీ’ పేరుతో ధ్రువీకరిస్తోంది. అయితే రెండు వైపులా ఉంటేనే ఫలితం. పాత ఫోను పాత పద్ధతిలోనే అడుగుతుంది.

6 గిగాహెర్ట్జ్‌లో మాత్రం మొదటి నుంచీ ఈ క్రమశిక్షణ పెట్టారు. బ్యాండ్ పూర్తిగా తెరిచిన చోట 20 మెగాహెర్ట్జ్ చానెళ్లు 59. ఒక్కోదాంట్లో బీకన్ కోసం కాచుకుంటే ఆరు సెకండ్లు పోతాయి. అందుకే 15 చానెళ్లని వెతుకులాటకి ప్రత్యేకించారు: 5, 21, 37 అలా 229 దాకా. జవాబులు బ్రాడ్‌కాస్ట్‌లోనే వెళ్తాయి. ఎవరూ అడగకుండానే సుమారు 20 మిల్లీసెకండ్లకోసారి చిన్న ప్రకటన ఫ్రేమ్ కూడా పంపొచ్చు. పైగా 2.4, 5 బీకన్లలో “6లో ఫలానా చానెల్‌లో ఉన్నాను” అని చిరునామా చెప్పే రెడ్యూస్డ్ నైబర్ రిపోర్ట్ ఉంటుంది. మీ 6 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఆలస్యంగా కనిపిస్తుంటే ఆ రిపోర్ట్ వెళ్తోందా, ప్రైమరీ చానెల్ (బీకన్లు వెళ్లే ప్రధాన చానెల్) ఆ పదిహేనిట్లో ఉందా, ఈ రెండూ చూడండి.

ప్రశ్న: మార్పులు చేశాక బాగుపడిందని ఎలా తెలుసుకోవాలి?

మానిటర్ మోడ్ (గాల్లో వెళ్లే అన్ని ఫ్రేములూ వినే పద్ధతి) పనిచేసే అడాప్టర్‌తో ఒకే చానెల్ మీద, జనం ఉన్న సమయంలో 5 నిమిషాలు వైర్‌షార్క్ అనే ఫ్రేములు చూపే ప్రోగ్రామ్‌లో రికార్డు చేయండి. ఫ్రేమ్ రకం 4 అంటే పిలుపు, 5 అంటే జవాబు, 8 బీకన్. పిలుపుకి ఎన్ని జవాబులు వస్తున్నాయో లెక్కించండి. తర్వాత రకం 5 ఫ్రేముల్లో రీట్రై బిట్ (మళ్లీ పంపినదని చెప్పే గుర్తు) 1 ఉన్నవెన్నో వేరుచేయండి. జవాబుల్లో సగం రీట్రైలే అయితే కనీస వేగం ఇంకా మారలేదన్న అనుమానం ముందు పెట్టుకోండి. ఫ్రేమ్ మీద నొక్కి రేడియోట్యాప్ భాగంలో (అడాప్టర్ రాసిన రేడియో వివరాల్లో) వేగం చదవండి. 1.0 అని కనిపిస్తే ఆ యాక్సెస్ పాయింట్‌కి కొత్త సెట్టింగ్ చేరలేదు, లేదా అది మీది కాదు, పక్కవాళ్లది. ఏదో తేల్చడానికి పంపినవారి చిరునామా మీ జాబితాతో పోల్చండి.