ఏ ఊరి పద్దు ఆ ఊరికే

విజయవాడ

అమ్మడూ,

నువ్వు ఫోన్ పెట్టేసిన అయిదు నిమిషాలకే మీ అమ్మ చేసింది. "ఆర్నెల్లు యూరప్ అంటోంది, ఉద్యోగం మానేస్తానంటోంది, నువ్వైనా చెప్పవే" అని. ఉద్యోగం సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. నువ్వడిగింది అక్కడి ఖర్చుల లెక్క రాయడం గురించి కాబట్టి నేను అదొక్కటే చెప్తాను. ముప్పై రెండేళ్ళు బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చున్నదాన్ని, 2024లో మీ బాబాయితో ఎనభై అయిదు రోజులు ఆ దేశాలు తిరిగినదాన్ని. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

"నెలకి ఎంతవుతుంది పిన్నీ?" అన్నావు. నెలకింత అని చెప్పలేను. మొదట్లో నేనూ నెల లెక్కే రాశాను. ఏప్రిల్ అంతా లిస్బన్‌లో ఒకే గదిలో ఉన్నాం, అంకె బుద్ధిగా ఉంది. మేలో పారిస్, బ్రసెల్స్, ఆమ్‌స్టర్‌డామ్ తిరిగాం, అంకె ఏప్రిల్‌కి ఒకటిన్నర రెట్లయింది. మీ బాబాయి "ఫ్రాన్సు వాళ్ళు దోచేస్తున్నారు" అన్నాడు. కాగితం ముందేసుకుని చూస్తే దోచింది ఫ్రాన్సు కాదు, మేము ఊళ్ళు మారడం. అప్పట్నుంచి నెలలు కొట్టేసి, ఊరికొక పేజీ పెట్టాను. ఆ ఊళ్ళో అడుగు పెట్టినప్పట్నుంచి తరవాతి ఊరి రైలెక్కేదాకా అయిన ఖర్చంతా కూడి, నిద్రపోయిన రాత్రులతో భాగించు. రాత్రికెంత పడింది, అదే నీ అంకె.

అలా వేస్తే మా ఇద్దరికీ బెర్లిన్‌లో రాత్రికి 89 యూరోలు తేలింది. చవక ఊరని అందరూ చెప్పే ప్రాగ్‌లో 128. ఎందుకంటే బెర్లిన్‌లో ఊరి చివర స్పాండౌ వైపు ఇరవై ఎనిమిది రాత్రులకి గది తీసుకున్నాం. చాలామంది గదులవాళ్ళు నెలవారీ తగ్గింపు ఇచ్చేది ఆ ఇరవై ఎనిమిది నిండితేనే. ప్రాగ్‌లో ఉన్నది నాలుగే రాత్రులు.

ఊరు మారే రోజుకి విడిగా ఒక పద్దు పెట్టు. టికెట్టు ఒక్కటే కాదు దాని ఖరీదు. పదకొండింటికి గది ఖాళీ చెయ్యమంటారు, రైలు నాలుగింటికి. ఈలోగా సామానుకి స్టేషన్లో లాకరు, ఇద్దరికీ శాండ్‌విచ్‌లు, బాత్రూముకి యాభై సెంట్లో యూరోనో, అది కూడా మనిషికి. దిగాక పెట్టెలతో ట్రామెక్కలేక టాక్సీ. కొత్త వంటింట్లో ఉప్పుండదు, నూనె ఉండదు, ఉన్నా ఎన్నాళ్ళదో తెలియదు. లీటరు నూనె కొని పావులీటరు వాడి వదిలేసిన సీసాలు నాలుగు ఊళ్ళలో ఉన్నాయి మావి. అందుకే మధ్యలో నుంచి పోపుల డబ్బా మోశాను. నెయ్యి మాత్రం పెట్టుకోకు. పాల పదార్థాలూ మాంసమూ మన సామాన్లో తేవడం అక్కడ నిషేధం.

ఇక రాయడం. యాప్‌లు బోలెడున్నాయి, నీకు నచ్చింది పెట్టుకో. ఏది పెట్టుకున్నా రాత్రి పడుకునే ముందు క్యాష్ క్లోజ్ చెయ్యాలి. బ్యాంకులో మేము రోజూ చేసేదే: పొద్దున నిల్వ, మధ్యలో తీసిందీ పెట్టిందీ, సాయంత్రం నిల్వ. పర్సులో నోట్లు ఎంచి, పుస్తకంలో అంకెతో సరిపోయిందా లేదా అని చూడ్డం. అయిదు నిమిషాల పని. కార్డు ఖర్చు బ్యాంకు మెసేజీలో ఎలాగూ దొరుకుతుంది, చేతులోంచి జారిపోయేది నోట్లూ చిల్లరే.

దీనికొక ఉదాహరణ చెప్పాలి. ప్రాగ్ నుంచి బుడాపెస్ట్‌కి రైలు ఏడు గంటలు. ఆ రాత్రి పుస్తకం తీస్తే మీ బాబాయి చేతిరాతలో "1200" అని ఉంది. అంతే. ఏ డబ్బో లేదు, దేనికో లేదు. చెక్ కొరునాలైతే మన డబ్బులో నాలుగువేల మూడొందల చిల్లర. హంగరీ ఫోరింట్లైతే మూడొందలు కూడా కాదు. "గుర్తులేదు, కాఫీ అయ్యుంటుంది" అన్నాడు, మొహం అటు తిప్పి. నా దగ్గర ముందురోజు రాత్రి నిల్వ ఉంది: 1,640 కొరునాలు. పర్సులో ఎంచితే 440. కాఫీ కాదు. చివరికి కోటు లోపలి జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. ప్రాగ్‌లో గార్నెట్ రాళ్ళ దుద్దులు, లండన్ వెళ్ళాక పెళ్ళిరోజుకి ఇద్దామని దాచాడట. దుద్దులు బాగున్నాయి. "1200 కొరు., సొంతం" అని రాసుంటే నేను అడిగేదాన్ని కాదు కదా!

అందుకే అంకె పక్కన డబ్బు పేరు రాయకుండా ఏదీ రాయకు. అక్కడ అన్నిచోట్లా యూరో కాదు. చెక్‌లో కొరునా, హంగరీలో ఫోరింట్, పోలండ్‌లో జ్లోటీ, స్విస్‌లో ఫ్రాంక్. క్రొయేషియా 2023లో యూరోకి మారింది, బల్గేరియా 2026 జనవరిలో. పాత నోట్లు ఎవరైనా ఇస్తే తీసుకోకు. నువ్వూ నీ స్నేహితురాలూ ఇద్దరూ కలిసి వెళ్తున్నారు కాబట్టి మరో మాట. గదీ వంటసామానూ రైలూ ఉమ్మడి సంచిలోంచి పోవాలి, ఇద్దరూ వారానికి సమంగా వెయ్యండి. ఎవరి ఐస్‌క్రీములు, దుద్దులు వాళ్ళ సొంత డబ్బుతో. "నిన్న నేనిచ్చాను, ఇవాళ నువ్వియ్యి" అనే పద్ధతి మూడు వారాలు దాటితే స్నేహం పాడవుతుంది.

ఎప్పటికప్పుడు రూపాయల్లోకి మార్చి చూసుకోకు, తిండి సహించదు. మేము వెళ్ళినప్పుడు యూరో తొంభై చుట్టూ ఉండేది, ఆ తరవాత వంద దాటింది. పుస్తకానికి ఒక రేటు పెట్టుకుని చివరిదాకా అదే వాడు. అసలు బ్యాంకు లాగిన రేటుతో వచ్చే తేడాని నెలాఖరున "రేటు తేడా" అని ఒకే పద్దుగా రాసెయ్యి. లేకపోతే కూరగాయలు పెరిగాయో రూపాయి పడిందో తెలియదు.

ఏటీఎం దగ్గర జాగ్రత్త. ప్రాగ్ పాత ఊళ్ళో, పర్యాటకులు తిరిగే వీధిలో ఒక మిషన్లో అయిదు వేల కొరునాలు తీయబోతే, "ఇన్ని రూపాయలు అవుతుంది, ఒప్పుకుంటావా" అని తెరమీద వచ్చింది. పద్దెనిమిది వేల చిల్లర అవ్వాల్సినది ఇరవై వేలు దాటించి చూపించాడు. ఒప్పుకునే బొత్తాము పెద్దది, పచ్చరంగు. ఒప్పుకోని బొత్తాము బూడిదరంగులో ఓ మూల. బూడిదది నొక్కితే డబ్బు రాదేమోనని భయం వేస్తుంది, వస్తుంది. మీ బ్యాంకు రేటు ప్రకారం వస్తుంది. దుకాణంలో కార్డు గీసినప్పుడూ అంతే, రూపాయలా స్థానిక డబ్బా అంటే స్థానిక డబ్బే అను. వీలైతే బ్యాంకు గోడకున్న ఏటీఎంలోనే తియ్యి.

గది అద్దెలో కలవని సంగతి ఊరి పన్ను. బుక్ చేసినప్పుడు కనిపించకపోవచ్చు, తాళం ఇచ్చేటప్పుడు నగదు అడుగుతారు. లిస్బన్‌లో ఇప్పుడు తలకి రాత్రికి 4 యూరోలు, మొదటి ఏడు రాత్రులకే. ఆమ్‌స్టర్‌డామ్‌లో అయితే గది ధరలో పన్నెండున్నర శాతం. దీన్ని గది పద్దులోనే కలుపు, "చిల్లర"లో వెయ్యకు. చిల్లర అనే పద్దు పెరుగుతోందంటే నువ్వు రాయడం మానేస్తున్నావని అర్థం.

జర్మనీలో నెల టికెట్టు ఒకటుంది, డాయ్చ్‌లాండ్ టికెట్ అంటారు. దేశమంతా ట్రాములు, బస్సులు, ప్రాంతీయ రైళ్ళు, పెద్ద స్పీడు రైళ్ళు తప్ప. మాకప్పుడు 49 యూరోలు, 2026 నుంచి 63. మేము చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే బెర్లిన్‌లో మే 20న దిగి జూన్ 17న వెళ్ళిపోయాం. ఆ టికెట్టు క్యాలెండరు నెలకి. ఉన్నది ఇరవై ఎనిమిది రాత్రులు, కట్టింది రెండు నెలలకి, అదీ ఇద్దరికి. నువ్వు ఒకటో తారీఖుకి దిగేలా చూసుకో. పైగా అది నెలనెలా దానంతటదే సాగే చందా, పదో తారీఖు లోపల రద్దు చెయ్యకపోతే వచ్చే నెలకీ లాగుతుంది.

చెల్లించిన ప్రతిదీ ఖర్చు కాదు. "రావలసినవి" అని ఒక పేజీ పెట్టు. గది డిపాజిట్టు అందులోకి. జర్మనీలో ఒక్కసారి వాడే ప్లాస్టిక్ నీళ్ళ సీసాకి 25 సెంట్లు ముందే తీసుకుని, ఖాళీ సీసా మిషన్లో వేస్తే చీటీ ఇస్తారు. అదే దుకాణం కౌంటర్లో మార్చుకోవాలి. బెర్లిన్ వదిలాక మీ బాబాయి చొక్కా ఉతకబోతే జేబులో ఆరు చీటీలు! ఇక్కడి నుంచి పంపే డబ్బు ఏడాదిలో పది లక్షలు దాటితే పైదానిమీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు ఆదాయపన్ను, పట్టుకుంటుంది, విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డులో వేసుకున్నా సరే. అదీ ఖర్చు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కానీ ఆ డబ్బు అన్నాళ్ళు నీ చేతిలో ఉండదు, అది లెక్కేసుకో.

వీసా ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్సు, విమానం, ఇవన్నీ వెళ్ళకముందు పేజీ. వాటిని రోజులమీద పంచకు, ఊళ్ళ పేజీలు పాడవుతాయి. షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరిగే ఆ యూరప్ దేశాలన్నిట్లో కలిపి, నూట ఎనభై రోజుల్లో తొంభై రోజులే ఉండనిస్తారు కాబట్టి నీ ఆర్నెల్లలో సగం బయట గడపాల్సిందే, ఆ వీసాల ఖర్చూ ఇందులోకే. లండన్‌లో మీ అక్క దగ్గర ఉన్న రోజుల్ని మాత్రం సగటులో కలపకు. నేను కలిపి, "చూశారా, ఎంత పొదుపుగా తిరిగామో" అని నెల్లాళ్ళు అందరికీ చెప్పుకున్నాను. అద్దె లేదు, పప్పు దానిది, బియ్యం దానివి.

మొత్తం కూడడం ఆదివారం పెట్టుకో. జర్మనీలో, ఆస్ట్రియాలో ఆ రోజు దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, చేసేదేం ఉండదు. శనివారమే సరుకులు తెచ్చుకో, లేదంటే స్టేషన్లో ఉన్న కొట్టుకి పరుగెత్తాలి, అక్కడ పెరుగు డబ్బా కూడా ప్రియమే.

మీ అమ్మకి నెల మొత్తం అంకె పంపకు, ఊరి పేజీ ఫోటో తీసి పంపు. ఊరి పేరు చూస్తే అడగడానికి వేరే ప్రశ్నలు ఉంటాయి దానికి.

వెళ్ళేముందు ఒకసారి వచ్చి పోపుల డబ్బా తీసుకెళ్ళు. మూత వదులైంది, రబ్బరు బ్యాండు వెయ్యాలి. నా పుస్తకంలో చివర పదకొండు పేజీలు ఖాళీగా ఉన్నాయి, అదీ ఇస్తాను.

పిన్ని