అన్నం ముందు కళ్లు మూసుకుంటే తప్పా?

ప్రశ్న: మాది విజయవాడ, ప్రేమ పెళ్లి. నా పుట్టిల్లు గుణదల, క్యాథలిక్ కుటుంబం. మా ఆయన వాళ్లది వన్‌టౌన్, దుర్గమ్మ భక్తులు. బాబు మున్సిపల్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. మా నాన్న పోయినప్పటి నుంచి బడిలో మధ్యాహ్న భోజనానికి ముందు కాసేపు కళ్లు మూసుకుంటున్నాడట. పిల్లలు ‘ఫాదర్‌గారూ’ అని ఏడిపిస్తున్నారు. ఒక టీచర్ ‘ఇవన్నీ ఇంట్లో పెట్టుకో’ అన్నారట. నేనే నేర్పానని అత్తగారి గొడవ. మా ఆయన బడికెళ్లి తేల్చుకుంటానంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మరిదేమో, అక్కడిలా రోజూ ఒక నిమిషం మౌనం పెట్టమని అడగండి అంటున్నాడు. ఏం చేయను?

జవాబు: ముందు మీ ఆయన్ని రెండు రోజులు ఆపండమ్మా. కోపంగా వెళ్తే ఆయన వచ్చేస్తారు, రేపు మళ్లీ ఆ క్లాసులో కూర్చోవాల్సింది బాబే.

మీవాడు తప్పేమీ చేయలేదు. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుంది, నిజమే, కానీ ఆ కట్టడి బడికి, పళ్లెం ముందు కూర్చుని ఎవరికీ అడ్డం రాకుండా కళ్లు మూసుకున్న పిల్లాడికి కాదు. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతానికి గౌరవంగా లేచి నిలబడి, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడకుండా ఊరుకున్నందుకు బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఇది మీ ధైర్యం కోసం చెబుతున్నాను, టీచర్ ముందు చదవడానికి కాదు.

మీ మరిది చెప్పింది అబద్ధం కాదు. టెక్సాస్ బడుల్లో రోజూ ఒక నిమిషం మౌనం ఉంది, ఆ నిమిషంలో పిల్లలు ప్రార్థించుకోవచ్చు, ఊరికే ఆలోచించుకోవచ్చు, పక్కవాళ్లకు ఇబ్బంది లేకపోతే చాలు. కానీ అదే అమెరికాలో, అలబామాలో అలాంటి చట్టం బడిలోకి ప్రార్థనను తిరిగి తేవడానికే పెట్టారని 1985లో వాళ్ల సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక్కడ మీరు వెళ్లి అడిగితే అది బాబు పేరు మీదే పడుతుంది. ఇప్పుడు ‘ఫాదర్‌గారూ’ అంటున్నది నలుగురైతే రేపు బడంతా అంటుంది. అడగొద్దు.

బడి అయ్యాక మీరిద్దరూ కలిసి క్లాస్ టీచర్‌ని కలవండి. ‘వాళ్ల తాతగారు పోయారండీ, వాడికి అదో అలవాటైంది, పిల్లలు ఏడిపించకుండా కాస్త చూడండి’ అంటే చాలు, మతం మాట మీరెత్తకండి. నూటికి తొంభై మంది టీచర్లు అక్కడే మెత్తబడతారు. అయినా ఏడిపించడం ఆగకపోతే అప్పుడు హెచ్.ఎం. గారికి రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇక అసలు సంగతి. ఇంత పెద్ద ఉత్తరం రాశారు, ఆ కళ్లు మూసుకున్న కాసేపట్లో వాడు ఏమనుకుంటున్నాడో ఎవరైనా అడిగారా? మీకేమో లోపల్లోపల కొంచెం సంతోషంగా ఉంది (తప్పు పట్టడం లేదు), అత్తగారికి భయంగా ఉంది, మీ ఆయనకు పరువు. వాడు తాతయ్యనే తలుచుకుంటున్నాడేమో, ‘ఆయనకీ అన్నం పెట్టు దేవుడా’ అంటున్నాడేమో, ఏమీ అనుకోవట్లేదేమో. అందరినీ హాల్లో కూర్చోబెట్టి అడగకండి, ఏ చిక్కుడుకాయలో ఒలుస్తూ, ‘తాతయ్య గుర్తొస్తున్నాడా నాన్నా’ అనండి. చెబితే వినండి, చెప్పకపోతే వదిలేయండి. సరిగ్గా తినకపోవడం, నిద్రపోకపోవడం కనిపిస్తే మాత్రం పిల్లల సైకాలజిస్టుకు చూపించండి.

‘మావాడు బడిలో కూడా ప్రార్థన చేస్తాడు’ అని పుట్టింట్లో మురిసిపోతూ చెప్పకండి, ఆ మాట తిరిగి తిరిగి అత్తగారి చెవినే పడుతుంది. దసరాకి ఆవిడ వాణ్ణి కొండకు తీసుకెళ్తానంటే, వాడికి ఇష్టమైతే వెళ్లనివ్వండి. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు కొబ్బరికాయలు పట్టుకుని ఎన్ని హిందూ కుటుంబాలు గుట్టెక్కుతాయో ఆవిడకి తెలియదా, బెజవాడ మనిషే కదా! తాతయ్య మీద బెంగతో చేస్తున్నాడని మీ ఆయన చేత చెప్పించండి, మీరు చెబితే వాదన అవుతుంది.

డల్లాస్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు బాబు ఇంట్లో ఉంటే స్పీకర్‌లో పెట్టకండి.