విమానం కడతానంటున్నాడు.. పై చదువు డబ్బు అందులో పెట్టొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. విడిభాగాల కిట్ తెప్పించుకుని సొంతంగా రెండు సీట్ల విమానం కడతానని పట్టుబట్టాడు. పై చదువుకని దాచిన డబ్బు ఇందులో పెట్టమంటున్నాడు. ఏరోస్పేస్ ఉద్యోగానికి ఇది పనికొస్తుందా? లేదంటే ఎవరో కట్టింది సెకండ్ హ్యాండ్‌లో కొనివ్వడం మేలా? - ఒక తండ్రి

జవాబు: ఆ డబ్బు కదపకండి. అలాగని అబ్బాయిని ఆపనూ వద్దు. కిట్ విమానాలు అమ్మే అమెరికా కంపెనీ వ్యాన్స్ లాంటివి తోక, రెక్కలు, బాడీ ఇలా కిట్‌ను విడివిడి భాగాలుగా కూడా అమ్ముతాయి. చాలామంది తోకతోనే మొదలుపెడతారు. ఖర్చు తక్కువ, అవసరమైన మెళకువలన్నీ దాదాపుగా అందులోనే వచ్చేస్తాయి. ముందు తోక కట్టమనండి. అది పూర్తయ్యాక కూడా ఇదే పట్టుదల ఉంటే మిగతాది మాట్లాడుకోవచ్చు. అసలు ఖర్చు ఇంజిన్, ప్రొపెల్లర్, కాక్‌పిట్ ఎలక్ట్రానిక్స్ దగ్గర మొదలవుతుంది. మామూలు కిట్ విమానానికి 1,500 నుంచి 2,000 గంటల పని ఉంటుంది. చదువుకుంటూ సెలవుల్లో చేస్తే ఏళ్లు పడుతుంది. సగంలో ఆపేసి అమ్మేసేవాళ్లు తక్కువేం కాదు.

ఉద్యోగం సంగతికొస్తే, రెజ్యూమెలో 'విమానం కట్టాను' అని రాస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న 'సరిగ్గా కట్టావని ఎలా తెలుసు?' అనే వస్తుంది. జవాబు ఒక్కో రివెట్ (రేకులను కలిపి బిగించే లోహపు మేకు) దగ్గర ఉంటుంది. 3/32 అంగుళాల రివెట్ కొట్టాక వెనకవైపు ఏర్పడే తల వెడల్పు రివెట్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు రివెట్ వ్యాసంలో సగం ఉండాలి. తల పక్కకు ఒరిగితే డ్రిల్ చేసి తీసేసి మళ్లీ కొట్టాలి. ఆ తీయడంలో చెయ్యి జారితే రంధ్రం పెద్దదవుతుంది, అప్పుడు పెద్ద రివెట్ వెయ్యాల్సొస్తుంది. రంధ్రం మరీ అంచుకు చేరితే ఆ రేకే పక్కన పడేయాలి. పెయింట్ వేస్తే ఇవేవీ ఎవరికీ కనపడవు. కనపడవని తెలిసీ కొత్త రేకు ఆర్డర్ పెట్టే కుర్రాడే ఏరోస్పేస్ కంపెనీలకు కావాలి.

అందుకే మొదటి రోజు నుంచి ఫొటోలతో లాగ్ రాయమనండి: ఏ తేదీన ఏ డ్రాయింగ్ ప్రకారం ఏం చేశాడు, ఏది పాడై మళ్లీ చేశాడు అన్నవన్నీ. అమెరికాలో అయితే విమానంలో ఎక్కువ భాగం చదువు కోసమో సరదా కోసమో తామే కట్టామని చూపడానికి ఈ లాగే ఆధారం. ఎక్కువ భాగం తామే కట్టాలన్న ఈ షరతునే '51 శాతం రూల్' అంటారు. నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి ఎక్కడ ఎగరేయాలనుకుంటున్నాడో అక్కడి విమానయాన సంస్థ రూల్స్ కిట్ ఆర్డర్ పెట్టకముందే చదవాలి.

అమెరికా విమాన డిజైనర్ బర్ట్ రుటాన్ పేరు మీ వాడు ఈపాటికి చెప్పే ఉంటాడు. 1972లో సొంతంగా కట్టుకున్న వేరివిగెన్ అనే విమానాన్ని ఎగరేశాడు. 1986లో ఆయన డిజైన్ చేసిన వోయేజర్ మధ్యలో ఇంధనం నింపుకోకుండా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టొచ్చింది. కానీ వేరివిగెన్ నాటికే ఆయన ఏరోనాటికల్ ఇంజినీరింగ్ డిగ్రీ పూర్తిచేసి, అమెరికా వైమానిక దళానికి ఫ్లైట్ టెస్ట్ ఇంజినీర్‌గా ఏళ్లపాటు పనిచేశాడు. ఈ సగం కథ కుర్రాళ్లు ఇంట్లో చెప్పరు.

విమానం కట్టినంత మాత్రాన పైలట్ లైసెన్సు గానీ మెయింటెనెన్స్ ఇంజినీర్ లైసెన్సు గానీ రాదు. దాంతో సంపాదనా ఉండదు, అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ విమానంలో (ఇలా సొంతంగా కట్టుకున్నవి ఈ కోవలోకే వస్తాయి) డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. ఇక మీకు టెన్షన్ ఉండాల్సింది కొత్త విమానం ఎగిరే మొదటి గంటల గురించి. అమెరికాలో మామూలుగా 25 లేదా 40 గంటలు కేటాయించిన ప్రాంతంలోనే పరీక్షగా ఎగరాలి. ఆ దశలో మీ అబ్బాయి కాకుండా ఆ మోడల్ బాగా తెలిసిన పైలట్ నడపాలి. ఇది ఇప్పుడే ఒప్పించుకోండి, విమానం పూర్తయ్యాక వినడు.

సెకండ్ హ్యాండ్ విషయం. అమెరికాలో కట్టినవారికి ఏటా చేయాల్సిన తనిఖీ తామే చేసుకునేలా రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఇస్తారు. కొన్నవారికి అది బదిలీ కాదు, మామూలుగా ఏటా లైసెన్సున్న మెకానిక్‌ను పిలవాల్సి వస్తుంది. పార్కింగ్, ఇన్సూరెన్స్ ఖర్చులు ఎలాగూ తప్పవు. పైగా మీ అబ్బాయి నేర్చుకోవాలనుకున్న పని ఇంకెవరో చేసేసి ఉంటారు. అయినా కొనాలనుకుంటే ముందు కట్టినవారి లాగ్ అడగండి. లాగ్ లేదంటే ధర ఎంత తగ్గించినా వద్దనండి.