కిర్లోస్కర్ ఇంజన్లు ఇప్పుడెవరు కొంటున్నారు?

ప్రశ్న: మా తాతగారి కాలం నాటి 5 హెచ్‌పీ కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్ పశువుల పాకలో మూలన పడి ఉంది. ఊళ్లో ఎవరి బోరు చూసినా కరెంటు మోటారే. మరి ఆ కంపెనీ ఇంకా ఎలా పెరుగుతోంది?
– ఒక పాఠకుడు, జగ్గంపేట

జవాబు: ముందు దాన్ని పాత ఇనుముకి వేసేయకండి. మీది ఏవీ1 అనే మోడల్ అయ్యుంటుంది. ఒకటే సిలిండరు, నిమిషానికి 1500 చుట్లు. మా మేనమామ షెడ్డులో నేను పని నేర్చుకున్నది దాని మీదే. డీకంప్రెషన్ లివరు (సిలిండరులో గాలి బిగుసుకోకుండా వదిలేసేది) ఎత్తి, హ్యాండిల్ తగిలించి, ఫ్లైవీలు ఊపందుకున్నాక లివరు వదలాలి. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి. పిడికిలి బిగించి పట్టుకుంటే, ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. నాది విరిగింది. మూడు వారాలు ఎడమ చేత్తో తిన్నాను.

ఇక కంపెనీ సంగతి. లక్ష్మణరావు కిర్లోస్కర్ 1888లో బెల్గాంలో సైకిల్ షాపుతో మొదలుపెట్టారు. తర్వాత ఇనుప నాగలి చేస్తే, ఇనుము తగిలితే నేల విషమవుతుందని రైతులు చాలాకాలం కొనలేదట! 1910లో మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజా ఇచ్చిన బీడు భూమిలో కిర్లోస్కర్‌వాడి అనే కంపెనీ ఊరు వెలిసింది. ఆయిల్ ఇంజన్లకంటూ వేరే కంపెనీ పెట్టింది 1946లో, పుణె దగ్గర ఖడ్కీలో. అప్పటికి పల్లెల్లో కరెంటు ఎక్కడిది? మోట తోలే ఎద్దులకు బదులు ఇంజను దిగింది.

తర్వాత పొలాలకు కరెంటొచ్చింది. 2004 నుంచి మన దగ్గర వ్యవసాయానికి ఉచితం కూడా అయింది. పొలంలో డీజిల్ ఎవరు కాలుస్తారు? కానీ ఆ 1500 చుట్లే వాళ్లకు కలిసొచ్చాయని నా లెక్క. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్లు, అంటే 50 హెర్ట్జ్. అది రావాలంటే నాలుగు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) ఆల్టర్నేటరు, అంటే కరెంటు పుట్టించే యంత్రం, సరిగ్గా ఆ 1500 చుట్ల వేగంతోనే తిరగాలి. పంపు తీసేసి ఆల్టర్నేటరు బిగిస్తే జనరేటరే. కరెంటు లేనప్పుడు నీళ్లు తోడిన ఇంజను, కరెంటు పోయినప్పుడు లైట్లు వెలిగించడానికొచ్చింది. ఆస్పత్రులు, అపార్ట్‌మెంట్లు, సెల్ టవర్లు, పెళ్లి మండపాలు... అడిగేవాళ్లకేం కొదవ?

ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో టీవీ1 అని ఇంకో కిర్లోస్కర్ ఇంజన్ ఉంటుంది చూడండి, 661 సీసీది. మీ ఇంజనుకి అది కాస్త పెద్ద తమ్ముడు. బయోడీజిల్ ప్రయోగాలు ఎక్కువగా దాని మీదే చేస్తారు.

మీ ఇంజన్లో డీజిల్ చిమ్మే నాజిల్ తీసి శుభ్రం చేయించి, నూనె మార్చి తిప్పి చూడండి. బొటనవేలు మాత్రం జాగ్రత్త.