దంపతులిద్దరిదీ ఒకే తీరైతే బిడ్డకు ఆటిజం వస్తుందా?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. ఆటిజం అన్నారు. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నలుగురిలో కలవరు, వస్తువు చోటు మారితే చిరాకు. అకౌంట్స్ చూసే నాదీ అదే తీరు. మేనరికం కాదు. ‘ఇద్దరూ ఒకే రకం, అందుకే బిడ్డ ఇలా పుట్టాడు’ అంటున్నారు ఇంట్లో. రెండో బిడ్డను కనొచ్చా? – ఓ తల్లి, తిరుపతి

సలహా: మిమ్మల్ని తప్పుపట్టడానికి ఏ ఆధారమూ లేదమ్మా. ఆ మాట అన్నవాళ్లకు ఇది చదివి వినిపించండి.

ఆటిజంలో వంశపారంపర్యం పాత్ర పెద్దదే. ఒకే తీరు మనుషులు జతకడితే ఆ జన్యువులు బిడ్డలో కలిసి పడతాయని బ్రిటన్ శాస్త్రవేత్త సైమన్ బారన్-కోహెన్ ప్రతిపాదించారు. నెదర్లాండ్స్‌లో ఐటీ ఉద్యోగాలు ఎక్కువున్న ఐండ్‌హోవెన్ బడుల్లో పదివేల మంది పిల్లలకు 229 మందికి ఆటిజం ఉందని, హార్లెంలో 84, ఉట్రెక్ట్‌లో 57 మందికేనని 2011లో తేలింది. అయితే ఆ సర్వే అడిగింది బడులను. తల్లిదండ్రుల స్వభావాన్ని కొలవలేదు. ఐండ్‌హోవెన్‌లో ఆటిజాన్ని గుర్తించడం మెరుగ్గా ఉన్నా సంఖ్య పెరుగుతుంది. దీన్ని పట్టుకుని జాతకాల్లా స్వభావాలకు పొంతన చూడటం సరికాదు. మితభాషులైన దంపతుల్లో ఎక్కువమంది పిల్లలకు ఆటిజం ఉండదు.

రెండో బిడ్డను కనొచ్చు. కాకపోతే మొదటి బిడ్డకు ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం దాదాపు 20 శాతం. అందుకే గర్భానికి ముందే బాబు రక్తంతో క్రోమోజోమల్ మైక్రోఅరే (క్రోమోజోముల్లో ముక్కలు తగ్గాయా, పెరిగాయా అని చూసేది), ఫ్రాజైల్ ఎక్స్ (ఎక్స్ క్రోమోజోములోని ఒక జన్యు లోపం) పరీక్షలు చేయించండి. చాలామంది నెల తప్పాక వస్తారు. రిపోర్టుకే వారాలు పడుతుంది, ఆలోచించుకునే వ్యవధి ఉండదు. బాబులో జన్యు లోపం కనిపిస్తే మీ ఇద్దరి రక్తమూ చూడాలి. మీలో లేకపోతే అది బాబులో కొత్తగా వచ్చిందే, మళ్లీ రావడం అరుదు. ఫ్రాజైల్ ఎక్స్ లోపమున్న జన్యువు తల్లిలో ఉంటే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు అందే అవకాశం సగం. ఏమీ దొరక్కపోవడమే ఎక్కువ. అప్పుడు ఆ 20 శాతం లెక్కే. మీరు మూర్ఛకు వాల్‌ప్రోయేట్ మందు వాడుతుంటే, అది కడుపులోని బిడ్డకు ఆటిజం ముప్పు పెంచుతుంది కాబట్టి గర్భానికి ముందే న్యూరాలజిస్టుతో మార్పించుకోండి, సొంతంగా ఆపొద్దు.

బిడ్డ పుట్టాక, ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోయినా, కావాల్సినది వేలితో చూపకపోయినా రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగానికో దగ్గర్లోని పిల్లల డాక్టరుకో చూపించండి. 18, 24 నెలల్లో ఎం-చాట్-ఆర్ (ఆటిజం అనుమానాన్ని తేల్చేందుకు తల్లిదండ్రులను అడిగే ప్రశ్నావళి) చేయించండి. అందులో 20 ప్రశ్నలు. స్కోరు 3 నుంచి 7 మధ్య ఉంటే రెండో విడత ప్రశ్నలు అడుగుతారు. 8, ఆపైన అయితే నేరుగా పూర్తి పరీక్షలకు పంపుతారు. ‘వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే’ అని ఆగితే థెరపీకి పనికొచ్చే నెలలు పోతాయి.