మేఘాల్లో మసి మీద చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మాయి విజయవాడలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం, మైనర్ మేథ్స్. విమానాలు వదిలే పొగ వల్ల మంచు మేఘాలకు ఏమవుతుందో రీసెర్చ్ చేస్తానంటోంది. ఫార్మా అయితే డిగ్రీ కాగానే జీతం కదా అని మా టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయి కెమిస్ట్రీ వదిలేస్తోందని మీ భయంలా ఉంది. అదేం కాదండీ, ఇది అచ్చమైన ఫిజికల్ కెమిస్ట్రీ. బాగా ఎత్తున పల్చగా కనిపించే సిర్రస్ మేఘాలన్నీ మంచు స్ఫటికాలే. గాలిలో అతి కొద్దిగా ఉండే నైట్రిక్ ఆమ్లం వాటికి అంటుకుంటుంది. విమానాల పొగలోని మసి సంగతి ఇంకా చిక్కు. మైనస్ 38 డిగ్రీల కంటే చల్లగా ఉన్నచోట మసి రేణువుల సన్నటి రంధ్రాల్లో నీరు చేరి గడ్డకడితే, అక్కడ కొత్త స్ఫటికం మొదలవుతుంది. ఆ రంధ్రాల్లో ముందే సల్ఫ్యూరిక్ ఆమ్లం చేరి ఉంటే ఆ పని సరిగ్గా జరగదు. మేఘాల మీద ఈ మసి ప్రభావం వల్ల భూమి ఎంత వేడెక్కుతుందో, అసలు వేడెక్కుతుందో చల్లబడుతుందో ఇంకా గట్టిగా తేలలేదు. మీ అమ్మాయికి నచ్చింది అదే అయ్యుంటుంది. అన్నట్టు, ఓజోన్ ఎలా ఏర్పడి ఎలా నశిస్తుందో తేల్చిన ముగ్గురికి 1995లో నోబెల్ ఇచ్చింది కూడా కెమిస్ట్రీలోనే.

ఇక జీతం. ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆపైన పీహెచ్‌డీకి ఐదేళ్లయినా వేసుకోండి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయలు, దానిపైన ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ). తర్వాత సైంటిస్టు పోస్టులు కొద్దే, పోటీ మాత్రం గట్టిది. ఈ మాట దాచను. కానీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాక మనసు మారినా ఫార్మా ఎక్కడికీ పోదు. కాబట్టి ఇవాళే తేల్చేయాల్సిన పని లేదు.

ఈ పని చూడటానికి విదేశాలకే వెళ్లాలనేం లేదు. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో లైడార్‌తో, అంటే లేజర్ కాంతిని పైకి పంపి చూసే పరికరంతో, సిర్రస్ మేఘాలను గమనిస్తారు. పుణెలో వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం ఉంది.

ముందు మేథ్స్ మైనర్‌ని అశ్రద్ధ చేయొద్దని చెప్పండి, పైథాన్ ప్రోగ్రామింగ్ కూడా మొదలుపెట్టమనండి. సైన్స్ అకాడమీలు ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి దరఖాస్తు చేయించండి. వేసవంతా ల్యాబ్‌లో పనిచేశాక కూడా ఇదే కావాలంటే, అప్పుడు ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ కోచింగ్ గురించి మాట్లాడుకోండి.