సమాధానం: వానలో మిస్సింగ్ కొడుతున్న సెకండ్ హ్యాండ్ బండి
దేవరకొండ అన్నా, నీ సెకండ్ హ్యాండ్ బైకు ఎండలో బాగానే నడిచి, వాన పడగానే మిస్సింగ్ కొట్టి ఆగిపోతుందంటున్నావు కదా, మెకానిక్ చెప్పినట్టు కార్బురేటర్ మార్చకు. డబ్బులు దండగ.

ఇది నీ బండి మోడల్‌తోనే వచ్చిన లోపం. ముందు మడ్‌గార్డ్ పొట్టి. చక్రం చిమ్మే నీళ్లన్నీ నేరుగా స్పార్క్ ప్లగ్ మీద పడతాయి. రాత్రి చీకట్లో ఇంజిన్ ఆన్ చేసి ప్లగ్ క్యాప్ మీద కొద్దిగా నీళ్లు చిలకరించు, చెయ్యి మాత్రం పెట్టకు. నీలం రవ్వలు కనిపిస్తే కరెంటు అక్కడే లీకవుతోంది, దొంగ దొరికినట్టే.

ఇంజిన్ చల్లారాక క్యాప్ పీకి రబ్బరు చూడు. పగుళ్లుంటే కొత్తది వెయ్యి, పెద్ద ఖర్చేం కాదు. వైరు కొస పచ్చబడితే ఆ కాస్త కోసేసి క్యాప్ మళ్లీ తిప్పి బిగించు. రబ్బరు అంచు లోపల డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని సిలికాన్ గ్రీజు) పల్చగా రాయి. మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది.

అసలు సంగతి ఇంకోటుంది. చాలా ఇంజిన్లకు ప్లగ్ గుంటలోంచి నీళ్లు బయటికి పోవడానికి హెడ్‌లో, అంటే ఇంజిన్ పై భాగంలో, సన్నటి రంధ్రం ఉంటుంది. మన చెలక మట్టి అందులో ఇటుకలా గట్టిపడుతుంది. పాత సైకిల్ పుల్లతో పొడిచి తియ్యి. ప్లగ్ విప్పకుండానే ఈ పని చెయ్యాలి, లేకపోతే మట్టి సిలిండర్‌లో పడుతుంది.

చివరగా మడ్‌గార్డ్ కింద ఒక రబ్బరు ఫ్లాప్‌ను రెండు బోల్టులతో బిగించు. ముందు చక్రం బ్రేకు పట్టి హ్యాండిల్‌ను గట్టిగా కిందికి నొక్కి చూడు. ఫ్లాప్ బెండ్ పైపుకు (ఇంజిన్ నుంచి వచ్చే పొగ గొట్టానికి) తగిలితే కాలిన వాసనొస్తుంది, ఆ మేరకు కత్తిరించు.